ప్యాసింజరు బండికి తలుపే ప్రాణం

సంపాదకులకు,

జపాన్ రైలు అనగానే అందరికీ బుల్లెట్ ట్రైనే గుర్తొస్తుంది. విజయనగరం నుంచి పలాస దాకా మెమూలో (దగ్గరి ఊళ్ల మధ్య తిరిగే కరెంటు ప్యాసింజరు బండి) నిలబడి వెళ్లే జనానికి అంతకన్నా పనికొచ్చే బండి అక్కడే ఇంకొకటి ఉంది. దాని పేరు 205 సిరీస్. 1985లో టోక్యో నగరం చుట్టూ తిరిగే యమనోతె లైన్‌లో మొదలైంది, మొత్తం 1,461 పెట్టెలు తయారయ్యాయి.

పెట్టె పొడవు 20 మీటర్లు. ఒక్కో పక్క నాలుగేసి తలుపులు, ఒక్కోటి 1.3 మీటర్ల వెడల్పు. సీట్లు గోడ వారన బెంచీల్లా ఉంటాయి, నడుమంతా నిలబడే చోటు. పెట్టెలో ఏ మూల ఉన్నా నాలుగడుగులు వేస్తే తలుపు దొరుకుతుంది. రద్దీకి అదీ చాలకపోతే 1991 నుంచి యమనోతె బండ్లకు ఆరు తలుపుల పెట్టె ఒకటి కలిపారు. అందులో ఉదయం 10 గంటల దాకా సీట్లు మడిచి ఉంచేవారు, అందరూ నిలబడాల్సిందే.

అసలు కిటుకు ప్లాట్‌ఫాంలో ఉంది. అక్కడ దాని ఎత్తు 1,100 మిల్లీమీటర్లు, పెట్టె నేల ఇంచుమించు అంతే. మన దగ్గర ఎత్తు ప్లాట్‌ఫాం అన్నది కూడా 840 మిల్లీమీటర్లు దాటదు. పల్లపు ప్లాట్‌ఫాం అయితే మెట్లు పట్టుకుని ఎగబాకాలి. కూరల తట్టతో వచ్చిన ఆవిడ ముందు తట్ట పైకి అందించి, తర్వాత కడ్డీ పట్టుకుని ఎక్కేలోపు వెనక పదిమంది ఆగిపోతారు. నెల్లిమర్ల, గరివిడి, చీపురుపల్లి, పొందూరు, ఆమదాలవలస, తిలారు, కోటబొమ్మాళి, నౌపడ... ఒక్కోచోట అర నిమిషం పోయినా బండి వేళ తప్పినట్టే. వెనక ఎక్స్‌ప్రెస్ తరుముకొస్తే మెమూని లూప్‌లో (పక్క పట్టాల మీద) ఆపి పెడతారు, తలుపు దగ్గర పోయిన అర నిమిషం అక్కడ పావుగంట అవుతుంది. ఇంజను బలం పెంచితే ఈ రోగం కుదరదు.

205లో మాకు నచ్చిన సంగతి ఇంకొకటుంది. అంతకు ముందరి 201 సిరీస్‌లో థైరిస్టర్ చాపర్ (మోటారుకు కరెంటును తెంపి తెంపి అందించే ఎలక్ట్రానిక్ స్విచ్) పెట్టారు. బ్రేకు వేస్తే కరెంటు తిరిగి తీగలోకి వెళ్లేది, కానీ ఖరీదెక్కువ. అప్పటికే అప్పుల్లో ఉన్న జపాన్ జాతీయ రైల్వే 205కి పాత రెసిస్టర్ పద్ధతినే (మోటారుకు వెళ్లే కరెంటును నిరోధకాలతో అదుపు చేసేది) ఉంచి, మోటారు ఫీల్డుకు (అయస్కాంతపు తీగచుట్టకు) విడిగా కరెంటు అందించే ఏర్పాటు చేర్చి, తక్కువ ఖర్చులో అదే ఫలితం రాబట్టింది. పెట్టె స్టెయిన్‌లెస్ స్టీలు: బరువు తక్కువ, పెయింటు పనిలేదు. ఉప్పుగాలి తగిలే మా తీరంలో ఈ లెక్క ఇంకా ముఖ్యం. మామూలు ఇనుప పెట్టెకు తుప్పు ముందుగా తలుపు గడప కిందే పడుతుంది, కడిగిన నీళ్లు నిలిచేది అక్కడే. ఇక 205 బలహీనత దాని డీసీ మోటార్లు. మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు అరిగి, ఆ పొడి అవి ఒరుసుకునే కమ్యుటేటర్ చుట్టూ పేరుకుంటే, చెమ్మ తగిలిన రోజు మెరుపు కొడుతుంది. 1993లో వచ్చిన 209 సిరీస్‌లో బ్రష్‌ల్లేని ఏసీ మోటార్లు పెట్టారు. మన కొత్త త్రీఫేజ్ మెమూల్లోనూ అవే.

2005లో యమనోతె నుంచి దిగిన ఈ బండ్లను తుక్కుకు వేయలేదు. చాలావాటిలో రేకులు (ఒక బండిగా కలిపిన పెట్టెల వరసలు) కుదించి, నడుమ పెట్టెలకు డ్రైవరు క్యాబిన్ కట్టి, వేరే లైన్లకు పంపారు. 2013 నుంచి 2020 దాకా 812 పెట్టెలు జకార్తా చేరాయి. అక్కడా 1,067 మిల్లీమీటర్ల గేజ్ (పట్టాల మధ్య దూరం), 1,500 వోల్టుల డీసీ కాబట్టి సాధ్యమైంది. మన బ్రాడ్ గేజ్‌కు, 25,000 వోల్టుల ఏసీకి అవి రావు, అడగడమూ అనవసరం. అయితే జకార్తాలో ప్లాట్‌ఫాంలు పల్లంగా ఉన్నచోట్ల కోసం తలుపు కింద ఇనుప మెట్టు, పక్కన పట్టుకునే కడ్డీ బిగించారు. రాళ్ల దెబ్బలకు ముందు అద్దానికి జాలీ కట్టారు. మనం నేర్చుకోవలసింది ఆ మెట్టు దగ్గరే ఉంది.

కొత్త మెమూ కావాలని వినతిపత్రం ఇచ్చే నాయకులు రేకుల సంఖ్యతో పాటు మూడు సంగతులు రాయించాలి: పెట్టెకు ఎన్ని తలుపులు, తలుపు వెడల్పెంత, ఏ స్టేషనులో ప్లాట్‌ఫాం ఎంత ఎత్తు. వేరే డివిజను వాడిన రేకు ఇస్తామంటే తీసుకునే ముందు గడప కింద తుప్పు, మెట్ల బోల్టులు, బ్రేకు పైపుల్లో గాలి లీకు చూడాలి. చిన్న స్టేషన్లలో ప్లాట్‌ఫాంలు ఎత్తు చేసే పని మాత్రం కొత్త రేకు వచ్చేదాకా ఆగనక్కర్లేదు. విశాఖ అధికారులు దాన్ని ఈ ఎండాకాలంలోనే మొదలుపెట్టాలి.

– కొందరు విశ్రాంత రైల్వే ఉద్యోగులు, విజయనగరం