పాత స్టీరియోని పీకేయమనకండి, దానికే శాటిలైట్ రేడియో కలపొచ్చు

సంపాదకులకు నమస్కారం.

అమెరికాకి కొత్తగా వచ్చి సెకండ్ హ్యాండ్ కారు కొనుక్కునే పిల్లల కోసం మీ ఆదివారం పేజీలో వేసిన సలహాలు చదివాను. టైర్లు, బ్రేకులు, టైటిల్ కాగితాల గురించి రాసినవన్నీ పనికొచ్చేవే. రేడియో సంగతి మాత్రం రెండు ముక్కల్లో తేల్చేశారు. పాత స్టీరియో అయితే తీసేసి కొత్తది పెట్టించుకోండి, లేదంటే సిగరెట్ లైటర్‌లో గుచ్చే ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్ కొనుక్కోండి అన్నారు. ఈ రెండూ నాకు సరైన సలహాలుగా అనిపించలేదు. కారుతో వచ్చిన స్టీరియోని కదపకుండా, దానికే శాటిలైట్ రేడియోని (ఉపగ్రహం నుంచి నేరుగా వచ్చే, చందా కట్టి వినే రేడియోని) వైరుతో కలుపుకునే దారి ఉంది. పెద్ద ఊళ్లకి దూరంగా ఉద్యోగాలు చేసే మనవాళ్లకి అది తెలియాలి.

నేను పశ్చిమ టెక్సస్‌లోని ఒడెస్సాలో ఫిజియోథెరపిస్టుని. మోకాలి ఆపరేషన్ అయినవాళ్లకి, పక్షవాతం వచ్చినవాళ్లకి ఇళ్లకెళ్లి వ్యాయామాలు చేయిస్తాను. ఫోర్ట్ స్టాక్టన్ నుంచి ఆల్పైన్ దాకా నాకు పేషెంట్లున్నారు. 385 రోడ్డు మీద మెక్‌కేమీ దాటితే ఎఫ్ఎం స్టేషన్లు ఒకటొకటిగా గరగరలాడి పోతాయి. ఫోన్ సిగ్నల్ కూడా చాలాచోట్ల ఉండదు. ఫోన్ ఉండగా రేడియో ఎందుకని హ్యూస్టన్‌లోనో డాలస్‌లోనో ఉండేవాళ్లు అడుగుతారు. ఈ రోడ్డు మీద ఒంటరిగా, చీకటి పడ్డాక నడిపితే ఆ ప్రశ్న అడగరు. మనిషి గొంతు వినిపిస్తుంటే నిద్ర రాదు, దిగులూ ఉండదు. శాటిలైట్ రేడియోలో నాకు బీబీసీ వరల్డ్ సర్వీస్, ఎన్‌పీఆర్ (అమెరికా పబ్లిక్ రేడియో) చాలు. తెలుగు పాటలు ఇంట్లో వైఫై ఉన్నప్పుడే ఫోన్లోకి దించుకుంటాను.

శాటిలైట్ రేడియో అనగానే మన ఊళ్లో చాలామందికి వరల్డ్‌స్పేస్ గుర్తొస్తుంది. మా నాన్నగారు నరసరావుపేటలో డాబా మీద దాని యాంటెనా పెట్టి, 'స్పందన' చానెల్లో తెలుగు పాటలు వినేవారు. ఏ.ఆర్. రెహమాన్ ప్రచారం చేశారు దానికి. 2009 డిసెంబరు 31తో అది మన దేశంలో ఆగిపోయింది. అందుకే ఇక్కడి రేడియో కూడా అలా మూతపడేదేనని కొందరు అనుకుంటారు. కానీ రెండింటి తయారీ వేరు. వరల్డ్‌స్పేస్ యాంటెనాని ఆసియాస్టార్ ఉపగ్రహం ఉన్న వైపు తిప్పి, కదలకుండా ఉంచాలి. అమెరికాలో 2001లో ఎక్స్‌ఎం, మరుసటి ఏడు సిరియస్ మొదలైనప్పుడే వాటిని పరుగెత్తే కారు కోసం తయారుచేశారు. నగరాల్లో భవనాల చాటున కూడా అందేలా నేల మీద రిపీటర్లు, అంటే అదే సిగ్నల్‌ని తిరిగి పంపే టవర్లు పెట్టారు. ఎక్స్‌ఎం అయితే అదే కార్యక్రమాన్ని రెండు ఉపగ్రహాల నుంచి కొన్ని సెకన్ల తేడాతో పంపేది, వంతెన కింద దూరి బయటికొచ్చేలోగా మాట తెగకుండా. ఈ రెండు కంపెనీలూ 2008లో కలిసిపోయాయి.

ఇక నా కారు 2005 హోండా అకార్డ్. మనవాళ్లు ఎక్కువగా కొనే పాత కార్లలో ఇదొకటి. ఇందులో ఏసీ బటన్లు, స్టీరియో ఒకే పలకలో ఉంటాయి. స్టీరియో ఒక్కదాన్నే లాగేసి ఇంకోటి పెట్టడానికి వీల్లేదు. డ్యాష్‌బోర్డు ముఖమంతా మార్చే కిట్టు కావాలి, స్టీరింగ్ మీది బటన్లు పనిచేయడానికి ఇంకో అడాప్టర్ కావాలి. ఒక షాపువాళ్లు ఇదంతా చేయాల్సిందేనని నాకు చెప్పారు. వాళ్లు చెప్పిన ఖర్చు విని ఊరుకుని, ఊరి చివర ట్రక్కులకి వైరింగ్ చేసే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను. ఆయన స్టీరియోని బయటికి లాగి, దాని వెనక యాంటెనా తీగ గుచ్చే చోటు చూపించి "మనకి కావాల్సింది ఇదొక్కటే" అన్నారు.

ఆయన పెట్టింది అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దదైన డబ్బా. కారు యాంటెనా తీగ దాంట్లోకి వస్తుంది, అక్కడి నుంచి స్టీరియోలోకి వెళ్తుంది. శాటిలైట్ రేడియోని అందుకునే పెట్టెని రిసీవర్ అంటారు. ఆ రిసీవర్ ఆన్ చేయగానే ఆ డబ్బా బయటి యాంటెనాని తప్పించి, రిసీవర్ శబ్దాన్ని ఒక ఎఫ్ఎం ఫ్రీక్వెన్సీ మీద నేరుగా తీగలోనే పంపిస్తుంది. ఆఫ్ చేస్తే మామూలు ఎఫ్ఎం తిరిగి వస్తుంది. మీరు చెప్పిన లైటర్ ట్రాన్స్‌మిటర్‌కీ దీనికీ తేడా ఇక్కడే ఉంది. అది శబ్దాన్ని గాల్లోకి వదులుతుంది. అలా వదిలే శక్తిని ఎఫ్‌సీసీ (రేడియో ప్రసారాలని నియంత్రించే అమెరికా ప్రభుత్వ సంస్థ) చాలా తక్కువకి కట్టడి చేసింది. 2006లో కొన్ని శాటిలైట్ రిసీవర్లు ఆ హద్దు దాటుతున్నాయని తేలి, కొన్ని మోడళ్ల సరఫరా ఆపాల్సి వచ్చింది. హద్దులో ఉన్న ట్రాన్స్‌మిటర్ అయితే, ఊరు దగ్గరపడగానే అదే ఫ్రీక్వెన్సీ మీద అసలు స్టేషన్ వచ్చి మన శబ్దాన్ని మింగేస్తుంది. డెబ్బై మైళ్ల వేగంలో ఖాళీ ఫ్రీక్వెన్సీ వెతుక్కుంటూ చూపు రోడ్డు మీంచి తిప్పడం ప్రమాదం. మీ సలహాలో నాకు అన్నిటికంటే బాధ కలిగించింది ఇదే.

కారులో ఆక్స్ సాకెట్ (బయటి పరికరం శబ్దాన్ని తీగతో స్టీరియోలోకి పంపే రంధ్రం) ఉంటే ఈ డబ్బా కూడా అక్కర్లేదు. రిసీవర్ నుంచి చిన్న తీగ దాంట్లోకి పెడితే సరిపోతుంది, శబ్దం ఎఫ్ఎం కంటే శుభ్రంగా ఉంటుంది. ఇంజిన్ వేగంతో పాటు కీచుమనే మోత వస్తే ఆ మోతని ఆపే గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ అనే చిన్న పరికరం అడగండి. కొన్ని జర్మన్ కార్లలో యాంటెనా ప్లగ్ వేరుగా ఉంటుంది, దానికి అడాప్టర్ దొరుకుతుంది.

స్టీరియో మీద 'శాట్' అనే బటన్ ఉంటే కారులో శాటిలైట్ రేడియో ఉన్నట్టే అని అమ్మేవాళ్లు చెప్తారు. బటన్ ఉన్నంత మాత్రాన వెనక ట్యూనర్ (శాటిలైట్ సిగ్నల్ అందుకునే భాగం) ఉందని నమ్మకం లేదు. చానెల్ 0కి తిప్పి చూడండి. రేడియో ఐడీ కనిపిస్తే ట్యూనర్ ఉన్నట్టు, చందా కడితే చాలు. ఆ ఐడీని రాసుకునేటప్పుడు సున్నాని ఇంగ్లీషు 'ఓ' అనుకోకండి. ఐ, ఓ, ఎస్, ఎఫ్ అక్షరాలు అందులో ఉండవు.

యాంటెనా గురించి ఒక మాట. అది అయస్కాంతంతో అంటుకునే చిన్న బిళ్ల. కారు పైకప్పు మీద, ఇనుప రేకు ఉన్నచోట, చుట్టూ ఆకాశం కనిపించేలా పెట్టాలి. తీగని వెనక అద్దం రబ్బరు కింద నుంచి డిక్కీలోకి, అక్కడి నుంచి తలుపు గడపల ప్లాస్టిక్ పట్టీల కింద ముందుకి తేవాలి. ముందు అద్దం పక్క స్తంభంలోంచి లాగితే దగ్గరే. కానీ చాలా కార్లలో ఆ స్తంభంలోనే పక్క ఎయిర్‌బ్యాగ్ ముడిచి ఉంటుంది. దాని ముందు తీగ అడ్డం పడకూడదు. చేసేవాళ్లు తొందరపడినా, మీరు పక్కన నిలబడి ఈ ఒక్కటీ పట్టుబట్టండి.

సంపాదకులకి నా విన్నపం ఒకటే. ఆ సలహాల పేజీని మళ్లీ వేసేటప్పుడు లైటర్ ట్రాన్స్‌మిటర్ మాట తీసేసి, ఆక్స్ తీగ గురించి, యాంటెనా మధ్యలో పెట్టే డబ్బా గురించి రాయండి. హోండా కొనేవాళ్లకి ఇంకొక్కటి కూడా కలపండి. పాత హోండాల్లో బ్యాటరీ తీగ విప్పితే స్టీరియో తాళం పడి కోడ్ అడుగుతుంది. ఈ పనికి బ్యాటరీ తీగ విప్పాల్సి వస్తుంది కాబట్టి, కారు తాళాలు తీసుకునే రోజే పాత యజమానిని రేడియో కోడ్ కార్డు అడిగి తీసుకోమనండి. కార్డు పోయిందంటే గ్లవ్ బాక్స్ పక్క స్టిక్కర్ మీద ఉందేమో చూడమనండి. అక్కడా లేకపోతే కారు వీఐఎన్ (గుర్తింపు) నంబరు, రేడియో సీరియల్ నంబరు పట్టుకుని హోండా డీలర్‌ని అడగొచ్చు.

ఇట్లు,
మీ పాఠకురాలు,
ఒడెస్సా, టెక్సస్