రాజుల సంగతి 2020తో మొదలైందా?

సంపాదకుడు గారికి,

పాలస్తీనాపై పది రోజుల క్రితం మీరు వేసిన వ్యాసం ఆలస్యంగా చదివాను. మా ఊరికి మీ పేపరు ఎప్పుడొస్తుందో దానికే తెలియదు, అది వేరే గోడు. అరబ్బు రాజులు మొదటి నుంచీ పాలస్తీనీయులకు కొండంత అండట, 2020లో యూఏఈ, బహ్రెయిన్ ఇజ్రాయెల్‌తో చేతులు కలిపాకే ప్లేటు ఫిరాయించారట! రాసినవారి క్యాలెండర్‌లో 1970 లేదా?

ఆ సెప్టెంబరులో జోర్డాన్ రాజధాని అమ్మాన్‌లోని పాలస్తీనా శరణార్థి శిబిరాల మీద ఫిరంగులు పేల్చింది ఇజ్రాయెల్ కాదండీ, జోర్డాన్ రాజు హుస్సేన్ సైన్యం. 1950లో ఆయన తాత అబ్దుల్లా పాలస్తీనా గడ్డ అయిన వెస్ట్‌బ్యాంకును తన రాజ్యంలో కలిపేసుకున్నాడు. పాలస్తీనా విమోచన సంస్థ (పీఎల్ఓ) ఒక్కటే పాలస్తీనీయుల ఏకైక ప్రతినిధి అని 1974లో అరబ్బు దేశాధినేతల రబాత్ సదస్సు తేల్చినా, హుస్సేన్ ఆ గడ్డను వదులుకున్నది 1988లో. గల్ఫ్ రాజులు డబ్బులిచ్చారు, కాదనను. అందులో కొంత తమ దగ్గర పనిచేసే పాలస్తీనీయుల జీతాల్లో కోసిందే.

అలాగని పీఎల్ఓ నాయకుడు అరాఫత్‌ను వెనకేసుకు రావడం లేదు. ఆయన పార్టీ ఫతా పురుడు పోసుకుంది కువైట్‌లో. అక్కడే ప్రభుత్వ ఇంజినీరుగా జీతం తిన్న మనిషి 1990లో ఆ దేశాన్ని మింగిన ఇరాక్ సద్దాం వైపు మొగ్గాడు. నేనప్పుడు కువైట్‌లోని హవల్లీలో ఒక పాలస్తీనా ఆయన టైలర్ షాపులో కాజాలు కుట్టేవాణ్ని. వాళ్లిద్దరూ కౌగిలించుకున్న ఫొటో పేపర్లో పడింది. మా యజమాని ఒక్క మాట అనలేదు. ఆ ఫొటో మీదే కాలరు కొలత గీసి, కత్తెరతో కత్తిరించేశాడు. యుద్ధం అయ్యాక నేను తిరిగి వెళ్తే షాపు ఉంది, బోర్డు మారింది. దాదాపు 4 లక్షల మంది పాలస్తీనీయుల్లో అక్కడ మిగిలింది కొన్ని పదుల వేలే. రాజుగారి కోపం అరాఫత్ మీద, మూటాముల్లె సర్దుకున్నది టైలర్లు, టీచర్లు.

కువైట్‌లో చిక్కుకున్న మన భారతీయుల్ని అప్పట్లో అమ్మాన్ మీదుగానే విమానాల్లో తెచ్చారు. తర్వాత పరిహారం కాగితాలు పట్టుకుని ఒక ఆఫీసుకు వెళ్తే, “అమ్మాన్ కాదు, ఒమన్ అని రాయాలి” అంటూ ఫారం నా మొహాన కొట్టారు. రెండేళ్లు తిప్పారు. ఆ గుమాస్తాను ఇన్నాళ్లూ తిట్టుకున్నాను. తీరా చూస్తే, మీ వ్యాసం పక్కన వేసిన మ్యాప్‌లోనూ అమ్మాన్ పోయి ఒమన్ రాజధాని మస్కట్ పక్కన కూర్చుంది! ప్రూఫులు చూసేవారు అసలు ఉన్నారా? రాజుల చరిత్ర మీ ఇష్టం. మ్యాప్ మాత్రం సరిచేసి మళ్లీ వేయండి.

— ఒక పాత కువైట్ టైలరు, రాజంపేట