కుడి చెవా, ఎడమ చెవా?

ఒరేయ్ సన్యాసీ,

నీ ఉత్తరం అందింది. నాలుగు పేజీల్లో మూడు పేజీలు అమీర్‌పేట హాస్టల్ సాంబారు గురించే రాశావు. నేనున్న రోజుల్లోనూ అది అంతే, దాని మీద నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. నాలుగో పేజీలో మాత్రం ఒక మాట అన్నావు చూడు: "ఒక్క చెవి జబ్బుకు కుడికొక కోడ్, ఎడమకొక కోడ్, రెండింటికీ కలిపి ఒకటి, ఏదో తెలియకపోతే ఇంకొకటి. ఈ అమెరికా వాళ్లకు వేరే పని లేదా?" అని. ఈ మెడికల్ కోడింగ్ ఉద్యోగంలో, అంటే అమెరికా డాక్టర్లు రాసిన చార్టులు (రోగుల రికార్డులు) చదివి ఒక్కో జబ్బుకూ, చికిత్సకూ కోడ్ వేసే పనిలో, చేరిన కొత్తలో నేనూ అదే అన్నాను. పోయిన నెల మంచం దిగబోయి గోడ పట్టుకున్నప్పటి నుంచి అనడం మానేశాను.

తెల్లవారుజామున కుడివైపుకు ఒత్తిగిలాను. ఫ్యాను ఆగే ఉంది, గది తిరుగుతోంది. అర నిమిషంలో ఆగింది. మళ్లీ ఒత్తిగిలితే మళ్లీ అదే. ఒళ్లంతా చెమటలు పడుతున్నా లోపలి కోడర్ మాత్రం మేలుకునే ఉన్నాడు: "నిమిషం లోపు, తల కదిపినప్పుడే, వినికిడి బాగానే ఉంది... హెచ్ 81.1 వరుస" అని గొణుగుతున్నాడు. అంటే బీపీపీవీ, తల కదిపితే కాసేపు గది తిరిగే చెవి జబ్బు. మా ఆవిడ నిమ్మకాయ నీళ్లు తెచ్చి పైత్యం అంది. మా అమ్మ ఫోనులో దిష్టి అంది. ఆ రెండింటికీ ఐసీడీలో, అంటే మన జబ్బుల కోడ్ల పుస్తకంలో, కోడ్ లేదు.

చెవి డాక్టరు గారు నన్ను కూర్చోబెట్టి, తల కుడివైపుకు 45 డిగ్రీలు తిప్పి, అమాంతం వెనక్కి పడుకోబెట్టారు. 1952లో డిక్స్, హాల్‌పైక్ అనే డాక్టర్లు ప్రకటించిన పరీక్ష అది. కోడ్ చేసేటప్పుడు ఆ పేర్లను వందల సార్లు చదివాను కానీ, అది చేయించుకునే మనిషి బల్ల అంచు ఎంత గట్టిగా పట్టుకుంటాడో అప్పుడే తెలిసింది. లోపలి చెవిలో యూట్రికిల్ అనే చిన్న సంచిలో సన్నటి కాల్షియం కార్బొనేట్ స్ఫటికాలు ఉంటాయి. అవి ఊడి పక్కనున్న అర్ధవృత్తాకార నాళంలోకి జారితే, తల కదిపినప్పుడల్లా లేని తిరుగుడు ఉన్నట్టు మెదడుకు కబురు పోతుంది. ఎప్లీ పద్ధతిలో తలను ఒక్కో భంగిమలో తిప్పుతూ వాటిని మళ్లీ సంచిలోకి దొర్లిస్తారు. ఓరెగాన్‌లోని పోర్ట్‌లాండ్‌లో జాన్ ఎప్లీ ఇది మొదలుపెట్టినప్పుడు తోటి డాక్టర్లే నమ్మలేదట. నేను మాత్రం పావుగంటలో నమ్మేశాను.

బయటికొచ్చి చీటీ చూసుకుంటే "వర్టిగో" అని ఒక్క మాట, కింద రెండు మాత్రలు. ఏ చెవో లేదు, చేసిన పరీక్ష లేదు, తల తిప్పిన సంగతి అసలే లేదు. అదే అమెరికా చార్టుగా నా ముందుకు వస్తే ఆర్ 42 వేసి పక్కన పెట్టేవాణ్ణి. ఆర్ 42 అంటే లక్షణం మాత్రమే, జబ్బు పేరు కాదు. డాక్టరు గారు కుడి చెవి బీపీపీవీ అని రాసి ఉంటే హెచ్ 81.11. మన వృత్తిలో మొదటి రోజే చెప్తారు కదా, రాయనిది చేయనట్టే అని. నా మెడ ఇంకా నొప్పిగానే ఉంది, కాగితం మీద మాత్రం నాకేమీ జరగలేదు.

పది రోజులకు మళ్లీ తిరిగింది. వెళితే ఆ డాక్టరు గారు సెలవు. ఆయన బదులు కూర్చున్నావిడ చీటీ చూసి, "ఏ చెవికి చేశారు?" అన్నారు. నాకు గుర్తుంది కాబట్టి చెప్పాను. నా వెనక వరుసలో కూర్చున్న పెద్దావిడకు గుర్తుంటుందా? తప్పు వైపు తిప్పితే స్ఫటికాలు ఉన్నచోటే ఉంటాయి. నీ నాలుగు కోడ్ల ప్రశ్నకు నా జవాబు ఇదేరా.

ఇంకో సంగతి. మన భాషలో బైర్లు కమ్మడం వేరు, తూలడం వేరు, గది గిర్రున తిరగడం వేరు. అమెరికా చార్టుల్లో చాలాసార్లు అన్నింటికీ "డిజ్జీ" అనే ఒక్క మాటే. అందుకే ఎంతసేపు తిరిగిందో రాశారా అని ముందు వెతుకు. బీపీపీవీ అయితే సాధారణంగా నిమిషం లోపు. మెనియర్స్ అనే ఇంకో లోపలి చెవి జబ్బు అయితే 20 నిమిషాల నుంచి 12 గంటల దాకా, దానితోపాటు చెవిలో హోరు, వినికిడి తగ్గడం. చెవి నరం వాపు అయితే రోజుల తరబడి. ఇవన్నీ చూసి నువ్వే రోగనిర్ణయం చేసెయ్యకు. నువ్వు చదివింది బీఫార్మసీ.

ఔట్‌పేషెంట్ చార్టులో "మెనియర్స్ కావచ్చు" అని ఉంటే ఆ జబ్బు కోడ్ హెచ్ 81.0 జోలికి పోవద్దు. తల తిరుగుడుకు ఆర్ 42, హోరుకు హెచ్ 93.1 వరుసలోది, అంతవరకే. ఆసుపత్రిలో చేరిన రోగి డిశ్చార్జి సమయంలోనూ అదే "కావచ్చు" ఉంటే మాత్రం, జబ్బు ఉన్నట్టే కోడ్ చేయమంటుంది నియమం. ఈ తేడా కోడింగ్ పరీక్షలో తప్పకుండా తికమక పెడుతుంది.

డబ్బు వైపు కోడ్లలో, అంటే చేసిన చికిత్సకూ పరీక్షకూ బిల్లు వేసేవాటిలో, రెండే చెప్తాను. ఎప్లీకి 95992, అది రోజు లెక్క. ఒకే రోజు మూడుసార్లు తిప్పినా ఒక్కసారే. డాక్టరు కళ్లతో చూసి చేసిన డిక్స్-హాల్‌పైక్‌కు 92542 వేయకు. దానికి కనీసం నాలుగు భంగిమలు, కంటి కదలికల రికార్డింగ్ ఉండాలి. నేను వేశాను, ఆడిటర్‌కు దొరికాను.

అంతకంటే పెద్ద తిట్లు క్వెరీకి, అంటే చార్టులో తేడా ఉంటే డాక్టరుకు రాసి పంపే ప్రశ్నకు, పడ్డాయి. ఒక చార్టులో పరీక్ష దగ్గర కుడి అని, చికిత్స దగ్గర ఎడమ అని ఉంది. నేను తెలివిగా "కుడి చెవే కదా?" అని పంపించాను. మా టీమ్ లీడ్ కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుని, జవాబు మనమే అందిస్తే అది ప్రశ్న ఎలా అవుతుందని అరగంట పాఠం చెప్పారు. చార్టులో ఉన్న రెండు మాటలూ చూపించి, ఏది సరైనదో రాయమని అడగాలి, అంతే. అలా మళ్లీ పంపితే రెండో రోజు జవాబు వచ్చింది: ఎడమ అట!

రెండోసారి చూసిన డాక్టరమ్మను నేనే బతిమాలి చీటీ మీద "కుడి" అని రాయించుకున్నాను. ఎందుకని అడిగితే నా ఉద్యోగం చెప్పాను, నవ్వి కింద గీత కూడా గీశారు. ఇప్పటికీ ఎడమవైపు తిరిగే పడుకుంటున్నాను. ఆదివారం ఇంటికి రా, మా ఆవిడ ముద్దపప్పు, ఆవకాయ పెడుతుంది. వచ్చేటప్పుడు నీ కోడ్ పుస్తకం తెచ్చుకో, హెచ్ 81 పేజీ నీ చేత చదివిస్తాను.

ఇట్లు,
నీ తల తిరిగిన స్నేహితుడు