విల్లు విరిగిన చప్పుడు

సంపాదకులకు నమస్కారం.

పాత క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించుకోవడం గురించి గత ఆదివారం మీ అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. ఉపయోగపడే వ్యాసమే. అయితే చివర్లో, గరగరలన్నీ పూర్తిగా తీసేయించుకోవచ్చు అన్న ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయాను. అలా పూర్తిగా తీసేయించుకున్నదాన్ని నేను. అందుకే ఈ ఉత్తరం.

మా నాన్నగారు హరికథలు చెప్పేవారు. ఆయన కథలు పదకొండు క్యాసెట్లు మా ఇంట్లో మిగిలాయి. అన్నీ అన్నయ్య వేదిక ముందు చాప మీద టేప్ రికార్డర్ పెట్టుకుని రికార్డు చేసినవే. రెండేళ్ల కిందట వాటిలో రెండింటిని పట్నంలో ఒక దుకాణంలో ఇచ్చాను. వారం తరువాత పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టారు. ఇంటికొచ్చి వింటే మొదటి నిమిషం సంబరమే. సుయ్యిమనే హోరు లేదు, మైకు సెట్టు గుయ్యిమనడం లేదు, తోమిన పళ్లెంలా ఉంది. రెండో నిమిషంలో నాన్నగారు "సీతమ్మ" అన్నారు. నాకు "ఈతమ్మ" అని వినిపించింది. వెనక్కి జరిపి మళ్లీ విన్నాను. ఈతమ్మే. శ, ష, స మూడూ పళ్ల సందున గాలి చేసే చప్పుళ్లే కదా. టేపు హోరుదీ అదే జాతి. హోరును ఊడ్చిన చీపురు వాటినీ ఊడ్చుకుపోయింది.

ఇంకో వింత. నాన్నగారి గొంతు షడ్జమం (స) మీద నిలిచిన ప్రతిసారీ బక్కచిక్కిపోతోంది. పక్క స్వరానికి వెళ్లగానే మళ్లీ నిండుగా పలుకుతోంది. పంచమం (ప) దగ్గరా అదే వరస. కారణం తరువాత అర్థమైంది. ఈ పని చేసే సాఫ్ట్‌వేర్‌కు ఎవరూ మాట్లాడని చోట ఒకటి రెండు సెకన్లు చూపించి, ఇదీ రొద అని చెప్పాలి. అందులో ఏయే ధ్వనులు ఎంతెంత ఉన్నాయో అది లెక్కకట్టుకుని, రికార్డింగ్ పొడుగునా ఆ మోతాదులో కనిపించినవాటిని అణచుకుంటూ పోతుంది. దుకాణం కుర్రాణ్ణి అడిగితే తను ఏ చోటు చూపించాడో చెప్పాడు. అక్కడ ఎవరూ పాడటం లేదు, నిజమే. కానీ ఆ రెండు స్వరాలనే పట్టి ఉంచే శ్రుతిపెట్టె మోగుతోంది. కథ మొదలయ్యాక హరికథలో శ్రుతి ఆగదన్న సంగతి కంప్యూటర్‌కు తెలియదు, ఆ అబ్బాయికీ తెలియదు. నాన్నగారు ఆధారంగా పట్టుకుని పాడిన స్వరాన్నే చెత్త అని రాసిచ్చేశాడు.

వీటన్నిటికంటే పెద్ద నష్టం శివధనుర్భంగం దగ్గర. ఆ ఘట్టంలో నాన్నగారు మాట వాడేవారు కాదు. రాముడు విల్లు ఎక్కుపెట్టాడు అనేదాకా చెప్పి, ఫిడేలునూ మృదంగాన్నీ కంటితోనే ఆపి, ఒక్కసారి చేతిలోని చిడతలు కొట్టేవారు. ఫెళ్లుమనే ఆ ఒక్క దెబ్బే విల్లు విరగడం. పందిరంతా ఒక క్షణం ఊపిరి బిగబట్టి, ఆ తరువాత గోవిందలు కొట్టేది. పెన్‌డ్రైవ్‌లో ఎక్కుపెట్టడం ఉంది, గోవిందలు ఉన్నాయి. మధ్యలో దిండు మీద తట్టినట్టు ఏదో ఉంది. చిటపటలు తీసే పనిముట్టు, ఠక్కున లేచి ఠక్కున పడిపోయే చప్పుడు దేన్నయినా గ్రామఫోను రికార్డు మీద గీతలాగే చూస్తుంది. దాన్ని కోసేసి, అటూ ఇటూ ఉన్న ధ్వనితో అతుకు వేసేస్తుంది.

మర్నాడే దుకాణానికి వెళ్లాను. ఒక క్యాసెట్ తిరిగి ఇచ్చారు. సీతాకల్యాణం ఉన్నదాన్ని "ఇక దాంతో పనేముందమ్మా" అని పారేశారట. శుభ్రం చేయకముందు కంప్యూటర్‌లోకి ఎక్కించిన ప్రతి ఏదీ అంటే, చోటు చాలక చెరిపేశారట. ఇచ్చేటప్పుడు అడగకపోవడం నా తప్పు కూడా.

మిగిలిన పదీ నేనే కూర్చుని ఎక్కించాను. బ్యాంకులో జమాఖర్చులు చూసి రిటైరైనదాన్ని, ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడానికి పక్షం రోజులు పట్టింది. నేర్చుకున్నాక తెలిసిందేమిటంటే, చాలా పని కంప్యూటర్ దాకా రాకముందే ఉంది. టేప్ రికార్డర్ హెడ్డును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదితో తుడిస్తే గోధుమరంగు మడ్డి వచ్చింది. ఆ హెడ్డు పక్కన ఒక చిన్న స్క్రూ ఉంటుంది. కథ వింటూ దాన్ని వెంట్రుకవాసి తిప్పుతుంటే ఒకచోట, ముఖం మీది ముసుగు తీసినట్టు, మాట తేటపడుతుంది. రికార్డు చేసిన హెడ్డు ఏ వాలులో ఉండేదో ఈ హెడ్డూ ఆ వాలులోకి వచ్చిందన్నమాట. ఆ తరువాత ఏమీ తీయకుండా, ఏమీ కలపకుండా, 24 బిట్లు, 48 కిలోహెర్ట్జ్‌ల నాణ్యతలో ఎక్కించుకోవాలి. ధ్వని భాండాగారాల అంతర్జాతీయ సంఘం కనీసంగా చెప్పే ప్రమాణం అదే. 90 నిమిషాల క్యాసెట్‌కు ఒకటిన్నర జీబీ అవుతుంది. నా పది క్యాసెట్లూ 16 జీబీలోపు సరిపోయాయి. చోటు చాలలేదన్న మాట నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

తుడుపు పని దాని నకలు మీదే. శ్రుతి మొదలవకముందు చోటు చూపించి, 6 డెసిబెళ్లు మాత్రం తగ్గించాను. హోరు ఇంకా ఉంది, ఉండనీ. రేడియోవాళ్ల స్పూలు టేపులు సెకనుకు 19, 38 సెంటీమీటర్ల వేగంతో తిరిగేవి. క్యాసెట్ నడిచేది 4.76 సెంటీమీటర్లే, టేపు వెడల్పు నాలుగు మిల్లీమీటర్లయినా లేదు. అంత నెమ్మది, అంత సన్నం కాబట్టి హోరు దాని పుట్టుకలోనే ఉంది. మరో దోషాన్ని కావాలనే ఉంచేశాను. ఏళ్ల తరబడి చుట్టి ఉన్న టేపులో ఒక పొర మీది అయస్కాంతపు ముద్ర పక్క పొర మీదికి దిగుతుంది. అందువల్ల నాన్నగారు గట్టిగా పద్యం ఎత్తుకునే ముందు, ఒకటి రెండు సెకన్ల ముందే అదే పద్యం నీడలా వినిపిస్తుంది. ఆయన గొంతు సవరించుకునేలోపే ఆయన గొంతు!

మీ పాఠకులకు ఒక్క మాట చెప్పండి. క్యాసెట్ ఇచ్చేటప్పుడే, శుభ్రం చేయనిది ఒకటి, చేసింది ఒకటి, రెండు ఫైళ్లు కావాలని, క్యాసెట్ కూడా తిరిగి రావాలని చీటీ మీద రాయించుకోమనండి. దుకాణాలవాళ్లకు దీనివల్ల అదనంగా అయ్యే ఖర్చేమీ లేదు. పాత పద్యనాటకాలు, బుర్రకథలు శుభ్రం చేసి ఇంటర్నెట్‌లో పెడుతున్న ఔత్సాహికులకూ ఇదే నా మనవి. బుర్రకథ చెప్పేవాడి వేలి అందెలు కూడా కంప్యూటర్ కంటికి చిటపటలే.

పోయిన క్యాసెట్ 1986 శ్రీరామనవమికి రామచంద్రపురం దగ్గర మా ఊరి రామాలయం పందిట్లో చెప్పిన కథ. ఆ రాత్రి అన్నయ్య పక్కన మరో రెండు టేప్ రికార్డర్లు ఉండటం నాకు బాగా గుర్తు. పక్క ఊళ్లవాళ్లవి. వారి ఇళ్లలో ఆ క్యాసెట్ ఇంకా ఉంటే మీ కార్యాలయానికి ఒక కార్డు రాయమని కోరుతున్నాను, నా చిరునామా మీ దగ్గర ఉంది. ఎంత గరగరలాడినా సరే, దయచేసి ఎవరికీ తుడవడానికి ఇవ్వవద్దు.

— ఒక హరిదాసుగారి కూతురు, రామచంద్రపురం