ఆగి ఉన్న కారు కూడా డ్యూటీలోనే ఉంది

గౌరవనీయులైన రవాణా శాఖ మంత్రి గారికి నమస్కారం.

నేను డ్రైవర్‌తో సహా కార్లు అద్దెకిచ్చే చిన్న సంస్థ నడుపుతున్నాను. మావి రోడ్డు మీద చేయెత్తితే ఆగే బండ్లు కావు. ముందురోజో, వారం ముందో బుక్ చేసుకున్నవాళ్ల కోసమే బయల్దేరతాయి. ఆస్పత్రికి వెళ్లి రావాల్సిన పెద్దవాళ్లు, తెల్లవారుజామున విమానం దిగేవాళ్లు, పెళ్లివారు, ఒక్క రోజులో నాలుగైదు ఆఫీసులు తిరగాల్సిన ఉద్యోగులు మా కస్టమర్లు. ఇలాంటి వ్యాపారాలకు నిబంధనలు రాయాల్సి వచ్చినప్పుడు అధికారులు సాధారణంగా ట్యాక్సీల నిబంధనలనే ముందు పెట్టుకుని, అక్కడక్కడ మార్చి మాకు వర్తింపజేస్తారు. అందులో అసలు విషయం ఒకటి జారిపోతోంది. దాన్ని మీ దృష్టికి తేవడానికే ఈ లేఖ.

మా పనిలో కారు కదిలే సమయం కంటే ఆగి ఉండే సమయమే చాలా రోజులు ఎక్కువ. కస్టమర్ మమ్మల్ని పిలిచేది కూడా అందుకే. తాను బయటికి వచ్చేసరికి కారు అక్కడ ఉండాలి, డ్రైవర్ మెలకువగా ఉండాలి, వెతుక్కునే పని ఉండకూడదు. మేం అమ్ముతున్నది ఆ భరోసానే. కానీ లైసెన్సు, పార్కింగ్, పని గంటలు, చార్జీలు, ఏ నిబంధన చూసినా తిరుగుతున్న చక్రాన్నే లెక్కలోకి తీసుకుంటుంది. ఆగి ఉన్న కారు వాటి లెక్కలో ఖాళీ కారు, లేదా దారికి అడ్డం.

ఒక్క ఎయిర్‌పోర్ట్ డ్యూటీ చూడండి. విమానం ఉదయం 5 గంటలకు దిగుతుందంటే డ్రైవర్ 3 గంటలకల్లా లేవాలి. కారు తుడిచి, టైర్లలో గాలి చూసుకుని, నాలుగున్నరకల్లా చేరుకోవాలి. తీరా వెళ్లాక విమానం గంట ఆలస్యమని తెలుస్తుంది. దిగాక లగేజీ రావడానికి ఇంకో అరగంట. పేరు రాసిన బోర్డు పట్టుకుని గేటు దగ్గర నిలబడాలి. అదే సమయంలో కారు దగ్గరా ఉండాలి, ఎందుకంటే డ్రైవర్ లేని కారును అక్కడ ఉండనివ్వరు. ఆ తర్వాత ప్రయాణం ముప్పావుగంట. దింపేశాక ఖాళీగా తిరుగు ప్రయాణం. కిలోమీటర్ల పట్టికలో కనిపించేది ఆ ముప్పావుగంట ఒక్కటే.

ఇలాంటి ఒక ఉదయం మా డ్రైవర్‌ను ఆగిన చోటి నుంచి మూడుసార్లు లేపి పంపేశారు. చివరికి ఆయన కారును ఆ చుట్టుపక్కల రోడ్ల మీద తిప్పుతూనే ఉన్నాడు. డీజిల్ కాలింది, రద్దీ పెరిగింది, జరిమానా కూడా పడింది. కస్టమర్ బయటికి వచ్చినప్పుడు కారు రెండు సిగ్నళ్ల అవతల ఉంది. ఆ కస్టమర్ మళ్లీ మాకు ఫోన్ చేయలేదు. ఆయనను తప్పుపట్టలేను, డబ్బు కట్టింది కారు ఎదురుగా ఉండటం కోసమే కదా.

ఈ వెయిటింగ్ భారం అందరి మీదా ఒకేలా పడదు. వేల కార్లున్న యాప్ కంపెనీకి ఒక కారు ఖాళీ అయితే దగ్గర్లోనే ఇంకో సవారీ దొరుకుతుంది. మా కారు మాత్రం ఒక మనిషికి మాట ఇచ్చి వచ్చింది, మధ్యలో ఇంకొకరిని ఎక్కించుకోవడానికి వీల్లేదు. అందుకే ఈ వ్యాపారం మొదలుపెట్టడం కంటే పెంచడం చాలా కష్టం. ఒక్క కారుతో ఉన్నప్పుడు ఓనరే డ్రైవర్, ఫోన్ ఎత్తేదీ ఆయనే, బిల్లు రాసేదీ ఆయనే. తన వెయిటింగ్‌కు తాను జీతం వేసుకోడు కాబట్టి ఎలాగో నెట్టుకొస్తాడు. రెండో కారు కొనగానే లెక్క మారిపోతుంది. డ్రైవర్‌కు జీతం, రాత్రి డ్యూటీకి బత్తా, రెండో ఈఎంఐ, రెండో ఇన్సూరెన్స్ వచ్చి పడతాయి. ఆ జీతం కారు కదిలినా కదలకపోయినా ఇవ్వాల్సిందే. మూడు నాలుగు కార్లయ్యేసరికి బుకింగులు చూసుకోవడానికి ఆఫీసులో ఒక మనిషి కావాలి, బండి ఆగిపోతే పంపడానికి స్పేర్ కారు కావాలి. స్పేర్ కారు అంటే పూర్తిగా ఎదురుచూడటానికే కొన్న కారు. చాలామంది రెండో కారుకూ అయిదో కారుకూ మధ్యలోనే చేతులెత్తేస్తారు. బేరాలు లేక కాదు, ఆగి ఉన్న గంటలకు రాబడి లేక.

నా మొదటి విన్నపం కారు ఆగే చోటు గురించి. విమానాశ్రయాలు, పెద్ద రైల్వే స్టేషన్లు, ఆస్పత్రుల దగ్గర, ముందుగా బుక్ అయిన కార్లకు విడిగా చోటు కేటాయించండి. ఇది కొత్త ఆలోచనేమీ కాదు. లండన్ హీత్రో విమానాశ్రయంలో బుకింగ్ కార్లు వేచి ఉండటానికి ప్రత్యేక స్థలం ఉంది. మీరు కేటాయించే చోట డ్రైవర్లకు మరుగుదొడ్డి, తాగునీరు, కాసేపు నడుం వాల్చే గది ఉండాలి. రాత్రంతా స్టీరింగ్ ముందు కూర్చున్న మనిషికి ఇవి సౌకర్యాలు కావు, అవసరాలు. దీనికి ఒక లాభం కూడా ఉంది. ఎలక్ట్రిక్ కార్లు కొనమని ప్రభుత్వాలు మమ్మల్ని ప్రోత్సహిస్తున్నాయి. మా కార్లు గంటల తరబడి ఒకేచోట ఆగుతాయి కాబట్టి ఖరీదైన ఫాస్ట్ చార్జర్లు అన్నిచోట్లా అక్కర్లేదు, ఆ పార్కింగులో మామూలు చార్జర్లు పెట్టినా చాలావరకు పని జరుగుతుంది. మాకు వృథా అవుతున్న సమయం అలా బ్యాటరీకి పనికొస్తుంది.

ఇక్కడ ట్యాక్సీ సోదరులకు ఒక భయం ఉంది. బుకింగ్ కార్లను జనం తిరిగే చోట ఆగనిస్తే దారిన పోయేవాళ్లను ఎక్కించుకుంటాయని, తమ బేరం పోతుందని వాళ్ల బాధ. ఆ భయం న్యాయమైనదే, అలా చేసేవాళ్లు ఉన్నారు. దానికి జర్మనీ ఎంచుకున్న మార్గం ఏమిటంటే, డ్రైవర్‌తో అద్దెకిచ్చే కారు ఒక ప్రయాణం ముగిశాక, దారిలో కొత్త బుకింగ్ రాకపోతే, తన సంస్థ ఉన్న చోటికి తిరిగి వెళ్లాలని చట్టంలో పెట్టడం. ట్యాక్సీలను కాపాడాలన్న ఉద్దేశం మంచిదే. అయినా దాన్ని మీరు అనుసరించవద్దని వేడుకుంటున్నాను. ఖాళీ కారును ఊరంతా దాటించి వెనక్కి పంపి, గంట తర్వాత మళ్లీ అక్కడికే రప్పించడం వల్ల ఇంధనం, రోడ్డు రెండూ వృథా. ఎక్కువ నష్టపోయేది ఊరి చివర తక్కువ అద్దెకు షెడ్డు తీసుకున్న చిన్నవాళ్లు.

అంతకంటే మేలైన దారి బ్రిటన్ పద్ధతిలో కనిపిస్తుంది. లండన్‌లో బుకింగ్ కార్ల కోసం 1998లో విడిగా చట్టం చేశారు. దాని ప్రకారం బుకింగ్ తీసుకునే సంస్థకు, కారుకు, డ్రైవర్‌కు వేర్వేరు లైసెన్సులు ఉండాలి. ప్రయాణం మొదలు కాకముందే బుకింగ్ వివరాలు సంస్థ రికార్డులో ఉండాలి. అంటే ఆగి ఉన్న కారు ఎవరి కోసం ఆగిందో అడిగితే చూపించవచ్చు. మాకు ఎలాగూ ప్రతి బుకింగ్ వివరాలు రాసే డ్యూటీ స్లిప్ ఉంటుంది. దాన్నే డిజిటల్ చేసి, బుకింగ్ తీసుకున్న సమయం మార్చడానికి వీల్లేకుండా చేయండి. ట్రాఫిక్ పోలీసు ఫోన్‌లో చూస్తే బుకింగ్ ఉందో లేదో తెలిసిపోవాలి. స్లిప్ ఉంటే ఆగనివ్వండి. లేకపోతే జరిమానా వేయండి, ఎంత గట్టిగా వేసినా నాకు అభ్యంతరం లేదు. ట్యాక్సీవాళ్లకూ రక్షణ ఉంటుంది, మాకూ నిలువ నీడ దొరుకుతుంది.

లైసెన్సు ఫీజు గురించి ఒక్క మాట. రెండు కార్లవాడికీ రెండు వందల కార్ల కంపెనీకీ ఒకే ఫీజు పెట్టకండి. లండన్‌లో సంస్థ నడుపుతున్న కార్ల సంఖ్యను బట్టి ఆపరేటర్ లైసెన్స్ ఫీజు అంచెలుగా ఉంటుంది. అది సబబుగా ఉంది.

ఇక నాకు అన్నిటికంటే ముఖ్యమైన విషయం డ్రైవర్ నిద్ర.

ఉదయం 4 గంటలకు లేచి ఒకరిని ఎయిర్‌పోర్ట్‌లో దింపిన డ్రైవర్, మధ్యాహ్నం ఒక ఆఫీసు డ్యూటీ చేసి, రాత్రి 9 గంటలకు ఇంకొకరిని తీసుకురావడానికి బయల్దేరతాడు. స్టీరింగ్ పట్టుకున్నది మొత్తం కలిపితే ఐదారు గంటలు దాటదు. కాగితం మీద చూస్తే తేలికైన రోజు. కానీ అప్పటికి ఆయన నిద్ర లేచి 17 గంటలు అయింది. 1997లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనంలో డాసన్, రీడ్ అనే పరిశోధకులు తేల్చిన విషయం ఇక్కడ గుర్తుచేయాలి. 17 గంటలు మేలుకుని ఉన్న మనిషి పనితీరు, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్న మనిషి పనితీరు స్థాయికి పడిపోతుంది. చాలా దేశాల్లో ఆ స్థాయిలో బండి నడపడం నేరం. తాగి నడిపేవాణ్ణి పట్టుకోవడానికి పరికరం ఉంది. నిద్రలేక నడిపేవాణ్ణి ఆపాలంటే పని గంటల లెక్క సరిగ్గా ఉండటం తప్ప వేరే దారి లేదు.

అందుకే వెయిటింగ్‌ను పని గంటల్లో కలపాలని కోరుతున్నాను. న్యూజిలాండ్‌లో ప్రయాణికుల వాహనాలు నడిపేవాళ్లు ఒక పని దినంలో 13 గంటలకు మించి పని చేయకూడదు, ఆ తర్వాత వరుసగా 10 గంటలు విరామం తీసుకోవాలి. ఇక్కడ పరిమితి ఎన్ని గంటలు ఉండాలన్నది నిపుణులు తేల్చాలి. కానీ లెక్క డ్రైవర్ డ్యూటీ ఎక్కినప్పుడు మొదలై దిగినప్పుడు ముగియాలి. కారులో సీటు వెనక్కి వాల్చి, ఒక చెవి ఫోన్ మీద పెట్టుకుని కునుకు తీయడాన్ని విశ్రాంతి కింద రాయనివ్వకండి. కస్టమర్ ఎప్పుడు పిలుస్తాడో తెలియని మనిషికి నిద్ర పట్టదు.

జీతం విషయంలోనూ ఇదే న్యాయం. బ్రిటన్ సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరి 19న ఊబర్ కేసులో ఇచ్చిన తీర్పులో, డ్రైవర్ యాప్ ఆన్ చేసి, తనకు అనుమతి ఉన్న ప్రాంతంలో సవారీ తీసుకోవడానికి సిద్ధంగా ఉన్న సమయం కూడా పని సమయమేనని చెప్పింది. న్యూయార్క్ నగరం 2019లో పెద్ద యాప్ కంపెనీల డ్రైవర్లకు కనీస చెల్లింపు అమల్లోకి తెచ్చినప్పుడు, కారు ప్రయాణికుడు లేకుండా గడిపే సమయాన్ని కూడా ఆ చెల్లింపు లెక్కలో చేర్చింది. జీతాలిచ్చే యజమానిగా ఇది నా ఖర్చు పెంచుతుందని నాకు తెలుసు. అయినా అడుగుతున్నాను. ఇప్పుడు వెయిటింగ్‌కు డ్రైవర్‌కు పైసా ఇవ్వని సంస్థ నాకంటే తక్కువ రేటు చెప్పి బేరం పట్టుకుపోతోంది. లెక్క అందరికీ ఒకటే అయితే పోటీ సర్వీసులో ఉంటుంది, డ్రైవర్ కడుపు కొట్టడంలో ఉండదు.

చివరిగా బిల్లుల సంగతి. మేం ఇంకోరకంగా కూడా ఎదురుచూస్తాం, డబ్బు కోసం. కంపెనీల కాంట్రాక్టు దొరికితే వ్యాపారం నిలబడుతుందని అందరూ అంటారు. నిజమే, కానీ డీజిల్ ఈరోజు కొట్టించాలి, జీతాలు నెల తిరిగేసరికి ఇవ్వాలి, ఈఎంఐ తేదీ మారదు. బిల్లు డబ్బు మాత్రం మూడు నెలలకు వస్తుంది. దాంతో కొత్త కాంట్రాక్టు వచ్చిన ప్రతిసారీ చేతిలో డబ్బు పెరగడానికి బదులు తగ్గుతుంది. ఆర్డర్లు నిండుగా ఉండి మూతపడిన సంస్థలను చూశాను. ఆలస్యపు చెల్లింపులపై యూరోపియన్ యూనియన్ 2011లో తెచ్చిన ఆదేశం ప్రకారం ప్రభుత్వ సంస్థలు సాధారణంగా 30 రోజుల్లో బిల్లు చెల్లించాలి. ప్రైవేటు సంస్థల మధ్య ఒప్పందాల్లో గడువు 60 రోజులు దాటకూడదు, ఇరువైపులా స్పష్టంగా ఒప్పుకుంటే, అది మరీ అన్యాయంగా లేకపోతే తప్ప.

ప్రైవేటు కంపెనీలను దారికి తేవడానికి చట్టం కావాలి, దానికి సమయం పడుతుంది. కానీ ప్రభుత్వ కార్యాలయాలు కూడా మాలాంటివాళ్ల దగ్గర కార్లు అద్దెకు తీసుకుంటాయి. అక్కడ మార్పు మీ శాఖ నుంచే మొదలుపెట్టవచ్చు. డ్యూటీ స్లిప్ మీద కారు వచ్చిన సమయం, వదిలిన సమయం అధికారి చేత సంతకం చేయించండి. వెయిటింగ్ గంటలకు విడిగా రేటు పెట్టండి. గ్యారేజీ నుంచి బయల్దేరి తిరిగి గ్యారేజీకి చేరేవరకు కిలోమీటర్లు లెక్కించండి. బిల్లు 30 రోజుల్లో చెల్లించండి. ప్రభుత్వ టెండర్లో ఈ షరతులు ఉంటే ప్రైవేటు కంపెనీలతో మాట్లాడేటప్పుడు మేం వాటిని చూపించి అడగగలుగుతాం.

కొత్త నిబంధనల ముసాయిదా తయారయ్యేటప్పుడు సంస్థల యజమానులతోపాటు డ్రైవర్లను కూడా పిలవండి. సమావేశం పగలు 11 గంటలకు పెడితే రాత్రి డ్యూటీ చేసినవాళ్లు నిద్రలో ఉంటారు, మిగిలినవాళ్లు ఎక్కడో కస్టమర్ కోసం ఆగి ఉంటారు. ఒక రోజు సాయంత్రం, విమానాశ్రయం పార్కింగులోనే వాళ్లతో మాట్లాడేలా ఏర్పాటు చేయించండి. అవసరమైతే మా డ్యూటీ స్లిప్పులు, బుకింగ్ రిజిస్టర్లు మీ అధికారులు పరిశీలించడానికి ఇవ్వడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
మీ విధేయుడు,
ఒక చిన్న కార్ల సంస్థ యజమాని