అమ్మ మాట్లాడట్లేదన్నావు కదా

ఒరేయ్ పొడుగూ,

నాలుగు పేజీలు నీ ఆఫీసు గొడవలు రాసి, ఆఖర్న ఒక్క ముక్క రాశావు చూడు, 'అమ్మ ఈమధ్య సరిగ్గా మాట్లాడట్లేదు, ఓల్డేజ్ హోమ్ వాళ్లు వయసైపోయింది కదా అంటున్నారు' అని. రాత్రంతా ఆ ముక్కే నన్ను నిద్రపోనివ్వలేదు.

మా నాన్న అలాంటి హోమ్‌లో ఉన్నప్పుడు నేనూ ఆ మాట విని తలూపి వచ్చినవాణ్నే. ఆయన గోడవైపు తిరిగి పడుకునేవారు. నేను పళ్లు బల్ల మీద పెట్టి, పది నిమిషాలు కూర్చుని, మేనేజరుతో నవ్వుతూ మాట్లాడి వచ్చేసేవాణ్ని. ఒకరోజు సాక్సు మార్చబోతే మడమ మీద బొత్తాం అంత నల్ల మచ్చ కనబడింది. మురికి అనుకుని తడిగుడ్డతో తుడిచాను రా. ఆయన కాలు లాక్కున్నారు.

అది పడకపుండు. బెడ్ సోర్ అంటారే, అదే. బరువంతా ఒకేచోట ఆని ఉంటే అక్కడికి రక్తం అందక చర్మం చచ్చిపోతుంది. తనంతట తాను కదల్లేని మనిషిని సుమారు రెండు గంటలకోసారి పక్క మార్చాలనేది ఎప్పట్నించో ఉన్న లెక్క. మడమలు, తుంటి, వెన్ను చివర ఎముక, ఈ మూడు చోట్లా చూడు. మొదట్లో ఎర్రగా ఉంటుంది, వేలితో నొక్కినా ఆ ఎరుపు పోదు. చర్మం నల్లగా ఉన్నవాళ్లకి ఎరుపు తెలీదు, చుట్టుపక్కల కంటే ముదురుగా ఉండి, ముట్టుకుంటే వేడిగానో గట్టిగానో తగులుతుంది. నీ ముందు అమ్మ సిగ్గుపడితే మీ చెల్లిని తీసుకెళ్లు. ఎంత బాగా చూసుకున్నా కొందరికి పుళ్లు పడతాయి, అదీ నిజమే. కానీ ఎప్పుడు గమనించారు, ఏం చేశారు అని అడిగితే వాళ్ల దగ్గర జవాబు ఉండాలి. నాకు చెప్పిన జవాబు, 'అవునా, మేం చూడలేదే!'

ఇంకోటి, నీళ్ల గ్లాసు. నాన్న గ్లాసు ఎప్పుడూ కిటికీ మీద ఉండేది, ఆయన చేతికి అందేది కాదు. తర్వాత ఒక ఆయా నాతో మెల్లిగా చెప్పింది, నీళ్లు తగ్గిస్తే డైపర్లు తక్కువ మార్చొచ్చట. నాలుక ఎండిపోయి, మూత్రం ముదురు రంగులో వస్తుంటే నీళ్లు చాలట్లేదేమోనని అనుమానించు. ఉన్నట్టుండి తికమకగా మాట్లాడినా అన్నిసార్లూ మతిమరుపు అనుకోకు. ఒంట్లో నీళ్లు తగ్గినా, మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చినా పెద్దవాళ్లు అలాగే అయిపోతారు. బరువు కూడా అడుగు. యాభై కిలోల మనిషి నెలలో రెండున్నర కిలోలు తగ్గితే డాక్టరు చూడాల్సిందే.

కమిలిన మచ్చలు కనబడితే వెంటనే కొట్టారని గోల చెయ్యకు. రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లకి మంచం కోడు తగిలినా కములుతుంది. కానీ రెండు జబ్బల మీదా వేళ్ల గుర్తులున్నా, మణికట్టు చుట్టూ గీత ఉన్నా, పడిపోయారన్న మాట నమ్మకు. ఎవరు చూశారు, ఏ టైముకి, రిజిస్టర్లో రాశారా అని ఇద్దర్ని విడివిడిగా అడుగు. పగలంతా మత్తుగా పడి ఉంటే మందుల చీటీ చూపించమను. గొడవ చెయ్యకుండా ఉంటారని మానసిక రోగాల మందులు వేసే చోట్లున్నాయి. డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు ఉన్న పెద్దవాళ్లకి వాటివల్ల ప్రాణాపాయం పెరుగుతుందని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2005లోనే గట్టి హెచ్చరిక పెట్టించింది.

'నిన్నేమైనా అంటున్నారా అమ్మా' అని అడిగితే లేదనే అంటుంది. వాళ్ల మధ్యే ఉండాలి కదా పాపం. 'రాత్రి బెల్లు నొక్కితే ఎవరొస్తారు?' అని అడుగు. హోమ్ మనిషి ఎవరైనా లోపలికి రాగానే మాట మధ్యలో ఆపేస్తుందా, తలుపు వైపు చూస్తుందా, అది గమనించు.

అందరూ రాక్షసులని కాదు రా. ఇలాంటి చోట్ల పనిచేసే ప్రతి ముగ్గురిలో ఇద్దరు, గడిచిన ఏడాదిలో తామే ఏదో ఒక రకంగా పెద్దవాళ్లని బాధపెట్టామని ఒప్పుకున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. చదివి నాకు కోపం కంటే దిగులే ఎక్కువైంది. నాన్న వార్డులో రాత్రిపూట ముప్పై మంచాలకి ఒకే ఆయా. నీళ్ల సంగతి నాకు చెప్పింది ఆవిడే.

నేను చేసిన తప్పు నువ్వు చెయ్యకు. మడమ చూసిన రోజే నేను ఆఫీసు రూములోకెళ్లి అరిచేసి, ఇంటికొచ్చి పడుకున్నాను. ఆ రాత్రి వాళ్ల మధ్య ఉండాల్సి వచ్చింది నాన్నకే కదా. ముందు తేదీ పడేలా ఫోటోలు తియ్యి, ఎవరేమన్నారో రాసి పెట్టుకో, బయటి డాక్టరుకి చూపించు. అమ్మ అక్కడ భయంగా ఉందనిపిస్తే ముందు బయటికి తెచ్చెయ్యి, ఫిర్యాదు సంగతి తర్వాత.

ఆదివారం పొద్దున్న మాత్రం వెళ్లకు. ఆ టైముకి అందరికీ స్నానాలయ్యి, తలలు దువ్వి, చక్కగా కూర్చోబెట్టి ఉంటారు. బుధవారం రాత్రి భోజనాల వేళకి, చెప్పకుండా వెళ్లు. సాక్సు తీసి చూడు. ఎంత రాత్రయినా నాకు ఫోన్ చెయ్యి, మేలుకునే ఉంటాను.

నీ
బక్కోడు