సెయింట్ ఆండ్రూస్ ట్రిప్పు ఇక ఆదివారాలే

ఎడిన్‌బరా నుంచి స్కాట్లండ్ తీరంలోని సెయింట్ ఆండ్రూస్ ఊరికి మేం నడిపే ఒకరోజు వ్యాను ట్రిప్పు ఇకనుంచి శనివారం ఉండదు. ఆదివారమే. శనివారానికి ఇప్పటికే బుక్ చేసుకున్నవారు మర్నాటికి మారొచ్చు, వీలుకాకపోతే డబ్బు మొత్తం వాపసు ఇస్తాం.

కారణం ఓల్డ్ కోర్సు. గోల్ఫ్‌కు పుట్టిల్లుగా పేరున్న ఆ మైదానంలో, పెద్ద పోటీలు జరిగే వారాలు తప్పిస్తే, ఆదివారం ఆట ఉండదు. ఆరోజు అది ఊరివాళ్ల పార్కు. కుక్కల్ని తిప్పేవాళ్లు, స్ట్రోలర్లు తోసుకుంటూ వచ్చేవాళ్లు గడ్డి మీదే నడుస్తారు. ఆ మైదానంలోని పాత రాతి వంతెన, స్విల్కన్ ఎక్కి తీరిగ్గా ఫొటో దిగొచ్చు. శనివారమైతే పక్కన నిలబడి చూడటమే. ప్రకటనలో ‘ఓల్డ్ కోర్సు సందర్శన’ అని రాసి దూరం నుంచి చూపించాం. తప్పు మాదే.

ఆదివారమైనా రెండు చోట్ల కాలు పెట్టకూడదు: జెండా ఉండే నున్నటి గ్రీన్, ఇసుక గుంటలు. పిల్లలకు ఆ గుంటలు ఆటస్థలంలా కనబడతాయి, ముందే చెప్పండి. వంతెన దగ్గర నేల అరిగిపోతోందని 2023లో రాళ్లు పరిస్తే, జనం గోల చేసి తీయించారు. అక్కడ గడ్డి మీద వాళ్లకు అంత పట్టింపు.

‘నాన్నగారు ఒక్క రౌండ్ ఆడొచ్చా?’ అని చాలామంది అడుగుతున్నారు. మా ట్రిప్పులో కుదరదు. ఓల్డ్ కోర్సుకు లాటరీ ఉంటుంది. ఆడే రోజుకు రెండు రోజుల ముందు మధ్యాహ్నం 2 గంటల్లోపు కనీసం ఇద్దరి పేర్లివ్వాలి, హ్యాండిక్యాప్ పత్రం (ఆటగాడి స్థాయిని చూపేది) కావాలి. నాన్నగారికి దానికి బదులుగా దొరికేది హిమాలయాస్. 1867లో మొదలైన మహిళల పుట్టింగ్ (బంతిని రంధ్రంలోకి దొర్లించే ఆట) క్లబ్బు వారి మైదానం, ఎవరైనా ఆడొచ్చు. కర్ర, బంతి అక్కడే ఇస్తారు. నేలంతా గుట్టలు గుట్టలు కావడంతో గురిచూసి నేరుగా కొట్టిన బంతి సగం దూరం ఎక్కి, ఆగి, మళ్లీ మన కాళ్ల దగ్గరికే దొర్లుకుంటూ వస్తుంది. రంధ్రాన్ని కాదు, వాలును చూసి పక్కకు కొట్టాలి. తాతయ్య కన్నా ఆరేళ్ల మనవరాలు ముందుండటం అక్కడ మామూలే. చలికాలంలో మూసేస్తారు. మిగతా నెలల్లోనూ సభ్యుల కోసం కొన్ని గంటలు కేటాయిస్తారు కాబట్టి, వేళలు ముందురోజు చూసి మీకు మెసేజ్ పెడతాం.

కోటలో సొరంగం గురించి స్పష్టంగా చెప్పాలి. 1546-47 ముట్టడిలో బయటివాళ్లు గోడ కిందకి సొరంగం తవ్వితే, లోపలివాళ్లు చప్పుడును బట్టి వెతుక్కుంటూ ఎదురు తవ్వారు. మనం దిగేది లోపలివాళ్లు హడావుడిగా తవ్విన దాంట్లోంచి. ఇరుకు, తడి, నడుం వంచితేగానీ సాగదు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు దిగొద్దు. వాళ్లను ఆ సమయానికి కథీడ్రల్ శిథిలాల దగ్గర దింపుతాం. 1318లో స్కాట్లండ్ రాజు రాబర్ట్ ద బ్రూస్ సమక్షంలో ప్రతిష్ఠ జరిగిన గుడి అది. గోల్ఫ్ దిగ్గజం ఓల్డ్ టామ్ మోరిస్ సమాధీ ఆ ఆవరణలోనే ఉంది.

కొత్తగా చేర్చింది సౌత్ స్ట్రీట్‌లో పది నిమిషాలు. అక్కడి పాత బడి పేరు మద్రాస్ కాలేజీ. ఆ ఊళ్లోనే పుట్టిన ఆండ్రూ బెల్ 18వ శతాబ్దం చివర్లో మద్రాసులో అనాథ పిల్లల బడి నడిపాడు. వీధిబడిలో పిల్లలు ఇసుకలో అక్షరాలు దిద్దడం చూసి, పెద్ద పిల్లలు చిన్నవాళ్లకు చెప్పే పద్ధతిని అల్లాడు. ఇసుకలో దిద్దిన తాతమ్మల కథలు విన్నవాళ్లకు ఆ పేరు చూస్తే ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు.

భోజనం మార్చాం. పోయిన సీజన్‌లో ఇచ్చిన పులిహోర డబ్బాల్లో, సముద్రపు గాలికి చల్లారేసరికి గింజ బిరుసెక్కింది. వండిన అన్నాన్ని గంటలకొద్దీ గోరువెచ్చగా ఉంచడం కడుపుకూ మంచిది కాదు. ఇప్పుడు 63 డిగ్రీలకు తగ్గకుండా హాట్‌బాక్సులో తెచ్చి, వ్యానులోనే వడ్డిస్తాం. దానికి ఒక సీటు పోయింది, ఎనిమిది ఏడయ్యాయి. టికెట్ ధర పెంచలేదు. బయట తినొద్దంటున్నది సీగల్స్ వల్ల. అవి చేతిలోని ముక్క ఎత్తుకుపోతాయి, ఐస్‌క్రీమ్ కూడా. శాకాహారులు చిప్స్ కొనేముందు దేంట్లో వేయిస్తున్నారో అడగండి. స్కాట్లండ్‌లో గొడ్డు కొవ్వు వాడే దుకాణాలున్నాయి.

గొడుగు తేవద్దు, గాలికి తిరగబడుతుంది. టోపీ ఉన్న రెయిన్‌కోటు, బూట్లు చాలు. చీర కట్టుకుంటే కొంగుకు పిన్ను పెట్టుకోండి. వెస్ట్ శాండ్స్ బీచ్‌లో స్ట్రోలర్‌ను పొడి ఇసుకలో తోస్తే చక్రాలు కూరుకుపోతాయి, నీటి అంచున గట్టిపడ్డ తడి ఇసుక మీద సాఫీగా పోతుంది. ఎడిన్‌బరాలో ఎండ కాస్తున్నా అక్కడ ‘హార్’ పట్టొచ్చు. వెచ్చటి గాలి చల్లటి ఉత్తర సముద్రం మీదుగా వచ్చి పొగమంచయ్యి ఒడ్డునే నిలిచిపోతుంది. దానికోసం ట్రిప్పు రద్దు చేయం. కోట, కథీడ్రల్ ముందు చూపించి, వంతెన ఫొటోను మధ్యాహ్నానికి జరుపుతాం.

2027 జులైలో ఓపెన్ ఛాంపియన్‌షిప్ గోల్ఫ్ పోటీ అక్కడే కాబట్టి ఆ నెల బుకింగ్‌లు తీసుకోవడం లేదు. స్ట్రోలర్లు తెచ్చేవారు బుకింగ్ అప్పుడే చెప్పండి, హాట్‌బాక్సు పోను వెనక రెండే పడతాయి.